మన పంటలు, మన జబ్బులు ఖండాలు దాటి ఎలా వచ్చాయి? గుంటూరు, విజయవాడ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో కొన్ని డిగ్రీ విద్యార్థులవి, కొన్ని మిర్చి రైతులవి, కొన్ని వంటింట్లో నుంచి వచ్చినవి. జవాబులు చదివే ముందు ఒక మాట. ఏ పంట ఎప్పుడు ఎక్కడికి వచ్చిందో అభిమానంతో తేల్చలేం. మట్టిలో దొరికిన గింజ, పాత ఎముకలో మిగిలిన డీఎన్‌ఏ చెప్పాలి. కింద ప్రతి చోటా ఆ సాక్ష్యం ఉందా లేదా అనే చూశాను.

మిర్చి నిజంగా మనది కాదా? గుంటూరు అంటేనే మిర్చి కదా?

మిరప పుట్టిల్లు మెక్సికో. అక్కడి జనం వేల ఏళ్ళ కిందటే అడవి మిరపకాయలు ఏరుకుని తిన్నారు, తర్వాత వాటిని పెంచడం మొదలుపెట్టారు. అడవి మిరపకాయ చాలా చిన్నది. కొమ్మ మీద నిటారుగా నిలబడి పక్షులకు కనబడుతుంది. పక్షులకు కారం తెలియదు కాబట్టి కాయ మింగి, గింజల్ని దూరంగా రెట్టలో వదులుతాయి. మనిషి చేతిలో పడ్డాక కాయ పొడుగైంది, కిందికి వేలాడింది, పండినా రాలకుండా కొమ్మకే ఉండిపోయింది. మన మిర్చి యార్డుకు వచ్చే ప్రతి టిక్కీ (బస్తా)లోని కాయల వెనుక ఆ మార్పులున్నాయి.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసులు గోవాను పట్టుకున్నారు. ఆ శతాబ్దంలోనే వాళ్ళ ఓడల్లో మిరప మన పడమటి తీరంలో దిగింది. అక్కడి నుంచి లోపలి జిల్లాలకు పాకడం కష్టం కాలేదు. మిరియాల తీగకు మలబారు లాంటి వానలూ నీడా కావాలి. మిరపకు నల్లరేగడి నేల, కాస్త తడి చాలు, పెరట్లో నాలుగు మొక్కలున్నా ఇంటికి సరిపోతుంది. మొక్క మెక్సికోదే అయినా గుంటూరు సన్నం లాంటి రకాన్ని ఎంపిక చేసుకుంటూ నిలబెట్టింది ఇక్కడి రైతులు. ఆ రకానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అమరావతి స్తూపం కట్టిన రోజుల్లో మాత్రం ఈ నేల మీద ఒక్క మిరప మొక్క కూడా లేదు.

మరి అప్పుడు కారానికి ఏం వాడేవాళ్ళు?

మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. వీటిలో మిరియాల ప్రయాణం మిరప ప్రయాణానికి సరిగ్గా ఎదురు దిశలో సాగింది. క్రీ.పూ. 1213లో చనిపోయిన ఈజిప్టు రాజు రెండో రామ్‌సెస్ మమ్మీ ముక్కు రంధ్రాల్లో మిరియపు గింజలు దొరికాయి. మిరియం అప్పట్లో పండింది దక్షిణ భారతంలోనే. అంటే మూడు వేల ఏళ్ళ కిందటే మన గింజ నైలు నది దాకా చేరింది. ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత రేవులో, రోమన్ల కాలం నాటి గుడి ఆవరణలో, మన దేశంలో చేసిన జాడీ ఒకటి బయటపడింది. దానిలో ఏడున్నర కిలోల మిరియాలున్నాయి. అదే రేవులో మన బియ్యం, పెసలు, కొబ్బరి ఆనవాళ్ళు కూడా దొరికాయి.

ఈ వ్యాపారానికి మన ప్రాంతం దూరంగా ఏమీ లేదు. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. మచిలీపట్నం తీరంలో నేసే సన్నబట్ట గురించి క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడు రాసి పెట్టాడు.

మన కంచంలో ఏవి ఇక్కడివి, ఏవి బయటివి?

కందులు మన దేశానివే. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు అడవి కంది నుంచి వచ్చాయి. పెసలు, మినుములు, ఉలవలు, నువ్వులు, వంకాయ కూడా ఇక్కడివే. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, బొప్పాయి, జామ, అనాస, జీడిమామిడి అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. గుంటూరు జిల్లాకు ఒకప్పుడు డబ్బు తెచ్చిపెట్టిన పొగాకు కూడా అక్కడిదే. వరి సంగతి కాస్త చిక్కు. చైనాలో యాంగ్‌ట్సే నది ఒడ్డున ఒక రకం వరి దాదాపు తొమ్మిది వేల ఏళ్ళ కిందట సాగులోకి వచ్చింది. గంగా మైదానంలో మనవాళ్ళు వేరే వరిని ముందు నుంచే వాడుతున్నారు. తర్వాత ఆ రెండూ కలిశాయి. కృష్ణా డెల్టాలో ఇప్పుడు నాటే వరిలో ఆ కలయిక గుర్తులు జన్యువుల్లో కనబడతాయి.

చింతపండు గురించి చెబితే చాలామంది నమ్మరు. చింత చెట్టు సహజంగా పెరిగే నేల ఆఫ్రికా. ఎంతో కాలం కిందటే మన దగ్గర వేళ్ళూనింది కాబట్టి మనదే అనిపిస్తుంది.

గోంగూర కూడానా?

గోంగూర కూడా. గోంగూర జాతి మొక్కల మూలం ఆఫ్రికా. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటికీ ఆ ఆకు వండుకుంటారు. ఆ పువ్వు రక్షక పత్రాలతో ఎర్రటి షర్బత్తు చేసుకుంటారు.

నా ఉద్దేశంలో మన పాత తిండి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద విషయం ఆఫ్రికాతో ఉన్న ఈ సంబంధమే. మిర్చి గురించి అందరూ మాట్లాడతారు, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పల్నాడు అనగానే గుర్తొచ్చే సజ్జకూడు, జొన్నకూడు రెండూ ఆఫ్రికా గింజలే. సజ్జ సాగులోకి వచ్చిన తొలి ఆనవాళ్ళు సహారా ఎడారి దక్షిణ అంచున మాలి దేశంలో, క్రీ.పూ. 2500 ప్రాంతంలో కనబడతాయి. జొన్న అంతకన్నా ముందే తూర్పు సూడాన్‌లో. రాగులు తూర్పు ఆఫ్రికా కొండసీమల నుంచి, అలసందలు కూడా ఆఫ్రికా నుంచే.

ఇవి మన దేశానికి క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో చేరాయి. గుజరాత్ తీరంలోనూ, కర్ణాటకలో హల్లూరు లాంటి చోట్లా తవ్వకాల్లో సజ్జ గింజలు బొగ్గై దొరికాయి. అంతకు ముందు దక్కనులో పశువుల్ని మేపుకుంటూ, కాల్చిన పేడ బూడిద దిబ్బలు వదిలి వెళ్ళిన నవీన శిలాయుగపు జనం ఉలవలు, పెసలు, ఇక్కడి చిన్న చిరుధాన్యాలు పండించుకునేవాళ్ళు. అనంతపురం వైపు పాలవాయిలో అలాంటి దిబ్బ ఉంది. ఆ జనానికి సజ్జ, జొన్న ఎందుకు నచ్చాయో ఊహించడం కష్టం కాదు. కంకి పెద్దది, గింజ పెద్దది, ఒక్క వాన తప్పినా చేను పూర్తిగా పోదు, చొప్ప పశువులకు పనికొస్తుంది.

ఎవరు తెచ్చారు అంటే, ఒక రాజో ఒక నౌకాదళమో కాదు. అరేబియా తీరం వెంబడి చిన్న పడవల్లో చేపలు పట్టుకుంటూ, సరుకులు మార్చుకుంటూ తిరిగిన మనుషులు. దారిలో తిండికి పెట్టుకున్న గింజల్లో మిగిలినవి ఎక్కడో ఒడ్డున నాటుకున్నారు. అటు నుంచి ఇవి వస్తే, ఇటు నుంచి మూపురం ఉన్న పశువులు, నువ్వులు పడమటికి వెళ్ళాయి. (మూపురం పశువు మాట వచ్చింది కాబట్టి: ఇటీవలి శతాబ్దాల్లో మన ఒంగోలు గిత్తలు బ్రెజిల్ వెళ్ళి, అక్కడ నెలోర్ అనే పేరుతో ఆ దేశపు ముఖ్య పశుజాతి అయ్యాయి.)

మనిషి సాయం లేకుండా సముద్రం దాటిన పంటలు ఉన్నాయా?

ఉన్నాయి. ఆనపకాయ కథ వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆనప అడవి రకాలు ఆఫ్రికాలో ఉన్నాయి. అయితే అమెరికా ఖండాల్లో పది వేల ఏళ్ళ నాటి ఆనప బుర్రల ముక్కలు దొరికాయి. అప్పటికి సముద్రం దాటే ఓడలు ఎవరి దగ్గరా లేవు. 2005లో వచ్చిన ఒక పరిశోధన, ఆసియా నుంచి కాలినడకన అమెరికా చేరిన తొలి జనం వాటిని వెంట తెచ్చుకున్నారని చెప్పింది. సైబీరియా చలిలో ఆనప తీగ బతకదు కదా అనే అనుమానం అప్పుడే ఉంది. 2014లో మరింత వివరంగా డీఎన్‌ఏ చదివితే, అమెరికాలోని పాత ఆనపలు ఆఫ్రికా వాటికే దగ్గరగా ఉన్నాయని తేలింది. ఎండిన కాయ అట్లాంటిక్ ప్రవాహాల మీద తేలుతూ ఏడాదిలోపే అవతలి ఒడ్డు చేరగలదని లెక్కలు చూపించాయి. ఏడు నెలలకు పైగా సముద్రపు నీళ్ళలో నానిన కాయల్లో గింజలు మొలకెత్తిన ప్రయోగం 1950ల్లోనే జరిగింది.

పత్తి కథ ఇంకా పాతది. మన దేశవాళీ పత్తి ఈ ఉపఖండంలోనే సాగులోకి వచ్చింది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. 6వ సహస్రాబ్ది నాటి రాగి పూసలో పత్తి దారం ఆనవాళ్ళు దొరికాయి. మెక్సికో, పెరూ జనం తమ పత్తిని తాము విడిగా సాగులోకి తెచ్చుకున్నారు. ఇక్కడొక చిక్కుముడి ఉంది. దేశవాళీ పత్తిలో 26 క్రోమోజోములుంటే అమెరికా పత్తిలో 52 ఉంటాయి. ఆ 52లో సగం మన వైపు జాతులకు, సగం పెరూ వైపు అడవి జాతికి దగ్గర. ఈ రెండూ కలవాలంటే పాత ప్రపంచపు పత్తి గింజ సముద్రం దాటాలి. ఆ కలయిక పది, ఇరవై లక్షల ఏళ్ళ కిందట, మనిషే లేని రోజుల్లో జరిగిందని జన్యువులు చెబుతున్నాయి. గింజ నీళ్ళ మీదే వెళ్ళింది. ఇవాళ గుంటూరు, పల్నాడు చేలల్లో కనబడే బీటీ హైబ్రిడ్‌లన్నీ దాదాపుగా ఆ 52 క్రోమోజోముల పత్తే.

కొలంబస్‌కు ముందే అమెరికాకు వెళ్ళినవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. ఉత్తర యూరప్ నావికులైన వైకింగులు కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1021లో చెట్లు నరికారని ఆ కలప వలయాల నుంచే లెక్క కట్టారు. కానీ వాళ్ళ వల్ల పంటలు మారలేదు.

పంటలు మారింది పసిఫిక్‌లో. చిలగడదుంప అమెరికా పంట. యూరప్ ఓడలు పసిఫిక్‌లోకి రాకముందే పాలినీషియా దీవుల్లో దాన్ని పండించేవాళ్ళు. కుక్ దీవుల్లోని మంగాయియాలో బొగ్గైన దుంప ముక్కలు దొరికాయి. గింజ తనంతట తాను కొట్టుకొచ్చి ఉండొచ్చని వాదించేవాళ్ళున్నారు. అయితే 2020లో దీవుల జనం డీఎన్‌ఏ చదివినప్పుడు, క్రీ.శ. 1200 ప్రాంతంలో దక్షిణ అమెరికా జనంతో వాళ్ళు కలిసిన గుర్తు బయటపడింది. నక్షత్రాలు చూసుకుంటూ వేల కిలోమీటర్లు దోనెల్లో వెళ్ళే పాలినీషియన్ల చేతి మీదుగానే దుంప వచ్చిందనడానికి ఇది గట్టి ఆధారమని నేను అనుకుంటాను.

కర్ణాటక గుళ్ళలో మొక్కజొన్న కంకి చెక్కారట కదా? అంటే మనవాళ్ళకు అమెరికా ముందే తెలుసా?

ఈ ప్రశ్న వాట్సాప్‌లో బొమ్మతో సహా వస్తుంది. సోమనాథపురంలోని హోయసల గుడి 1258 నాటిది. అక్కడి బొమ్మల చేతిలో వరుసలు వరుసలుగా పూసలున్న పండు ఒకటి ఉంటుంది. చూడగానే మొక్కజొన్నే అనిపిస్తుంది, ఆ మాట నిజం. 1980ల చివర్లో కొందరు అమెరికా పరిశోధకులు అదే వాదించారు. ముత్యాలు పొదిగిన ఊహాఫలమని మిగతావాళ్ళు జవాబిచ్చారు.

బొమ్మను పక్కన పెట్టి చేను గురించి ఆలోచించండి. మొక్కజొన్న కంకి తనంతట తాను గింజ రాల్చదు. మనిషి వలిచి నాటితేనే బతుకుతుంది. శిల్పుల కళ్ళ ముందు అంత పంట ఉంటే చుట్టుపక్కల ఊళ్ళ చెత్తకుప్పల్లో కాల్చిన బెండ్లు, పుప్పొడి, గింజలు మిగలాలి. ఆ కాలపు తవ్వకాల్లో అలాంటివి లేవు. 1500 తర్వాత మాత్రం ప్రపంచమంతా అవే కనబడతాయి. అందుకే నేను ఈ వాదాన్ని ఒప్పుకోను.

సీతాఫలం సంగతి వేరు. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ వైపు టోక్వా తవ్వకంలో బొగ్గైన సీతాఫలం గింజ దొరికిందనీ, అది క్రీ.పూ. రెండో సహస్రాబ్దిదనీ 2009లో శాస్త్ర పత్రికలో వ్యాసం వచ్చింది. ఇక్కడ బొమ్మ కాదు, గింజ ఉంది. కాబట్టి దీన్ని పట్టించుకోవాల్సిందే. అయినా గింజ ఆ జాతిదేనా అని అడిగేవాళ్ళున్నారు. అలాంటి గింజలు మరికొన్ని చోట్ల, నేరుగా కాలం లెక్క కట్టి, దొరికితే ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

గింజ వయసు ఎలా తెలుస్తుంది?

బతికున్న మొక్క గాల్లోంచి కార్బన్ తీసుకుంటుంది. దానిలో కొంచెం రేడియోధార్మిక కార్బన్-14 ఉంటుంది. మొక్క చచ్చిపోయాక అది 5,730 ఏళ్ళకు సగం చొప్పున తగ్గుతుంది. మిగిలింది కొలిస్తే వయసు తెలుస్తుంది. ఒకప్పుడు గింజ పక్కనున్న బొగ్గును కొలిచేవాళ్ళు. ఎలుక బొరియలోంచి కిందికి జారిన కొత్త గింజ పాత బొగ్గు పక్కన చేరితే లెక్క తప్పేది. ఇప్పుడు ఒక్క గింజనే నేరుగా కొలవగలరు. పాత వాదాల్లో చాలా దీని వల్లే కూలిపోయాయి.

అరటికి గింజలే ఉండవు కదా, అది ఖండాలు ఎలా దాటింది?

పిలకలుగా. పపువా న్యూగినీలో కుక్ చిత్తడి నేలలో దాదాపు ఏడు వేల ఏళ్ళ కిందటే అరటి పెంచిన ఆనవాళ్ళున్నాయి. అక్కడి నుంచి ఆగ్నేయాసియాకు, మనకు, హిందూ మహాసముద్రం మీదుగా ఆఫ్రికాకు చేరింది. పిలక తడిగా ఉండాలి, ఎక్కువ రోజులు ఆగదు. కాబట్టి అరటి ఎక్కడికి చేరినా దాని వెనుక తీసుకెళ్ళిన మనిషి ఉన్నాడు. ఇండోనేషియా వైపు నుంచి మడగాస్కర్ చేరిన నావికులు వరి, పెసలు కూడా తీసుకెళ్ళారని అక్కడి 8 నుంచి 10వ శతాబ్దాల నాటి గింజలు చెబుతున్నాయి.

పిలకతో పెంచే పంటకు ఒక ప్రమాదం ఉంది. తోటంతా ఒకే మొక్క నకలు. 20వ శతాబ్దం మధ్యలో పనామా తెగులు వచ్చినప్పుడు ప్రపంచ వ్యాపారంలో ఉన్న గ్రోస్ మిషెల్ అనే రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మన దగ్గర చక్కరకేళి, అమృతపాణి, కర్పూర లాంటి పలు రకాలు ఇంకా మిగిలి ఉండటం మంచి విషయం. వాటిని పోగొట్టుకోకూడదు.

జబ్బులు కూడా ఇలాగే ప్రయాణించాయా?

పంట ముందు, జబ్బు వెనుక. వేటాడుకుంటూ తిరిగే చిన్న గుంపులో తట్టు లాంటి జబ్బు నిలవలేదు. ఒకసారి అందరికీ వచ్చిపోతే, బతికినవాళ్ళకు మళ్ళీ రాదు, అంటుకోవడానికి కొత్తవాళ్ళు ఉండరు, జబ్బే చచ్చిపోతుంది. ఆగకుండా సాగాలంటే ఒకే చోట రెండున్నర లక్షలకు పైగా జనం కావాలని లెక్క. విజయవాడలో ఇవాళ పది లక్షలు దాటిన జనం ఉన్నారు. ఐదు వేల ఏళ్ళ కిందట ప్రపంచంలో రెండున్నర లక్షల ఊరు ఒక్కటీ లేదు. వ్యవసాయం జనాన్ని పెంచింది, ధాన్యపు గాదెలు ఎలుకల్ని పిలిచాయి, కొట్టంలో పశువులు మన పక్కనే ఊపిరి పీల్చాయి. తట్టు వైరస్‌కు అతి దగ్గరి చుట్టం పశువుల రిండర్‌పెస్ట్ వైరస్. ఈ రెండూ క్రీ.పూ. 6వ శతాబ్దం ప్రాంతంలో విడిపోయి ఉండొచ్చని 2020 నాటి అంచనా. సరిగ్గా పెద్ద నగరాలు లేస్తున్న కాలం అది.

అమెరికా ఖండాల జనం ఎందుకు అంతమంది చనిపోయారు? వాళ్ళు బలహీనులా?

కాదు. దయచేసి అలా అనుకోవద్దు. వాళ్ళ పూర్వీకులు చలి ప్రాంతం దాటి చిన్న గుంపులుగా వచ్చారు, దారిలో గుంపు జబ్బులు రాలిపోయాయి. అక్కడ మచ్చిక చేయడానికి దొరికిన జంతువులు కూడా తక్కువ: లామా, అల్పాకా, గినీ పంది, టర్కీ కోడి, కుక్క. ఆవు, పంది, గుర్రం లేవు. అందువల్ల వాళ్ళలో ఎవరికీ మశూచి ఎదుర్కొన్న శరీరం లేదు. 1520లో స్పెయిన్ వాళ్ళతో మశూచి మెక్సికోలో దిగింది. అజ్టెక్ రాజధానిలో కొత్త రాజు క్విట్లావాక్ గద్దెనెక్కిన కొద్ది నెలల్లోనే దానితో చనిపోయాడు. ఇంట్లో అందరూ ఒకేసారి పడిపోతే నీళ్ళిచ్చేవాళ్ళు కూడా ఉండరు. చాలా చావులు అలా జరిగాయి.

తర్వాతి వందేళ్ళలో కొన్ని ప్రాంతాల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా పోయారని అంచనాలున్నాయి. దాన్నంతా సూక్ష్మక్రిముల మీదకు నెట్టేస్తే అన్యాయం. భూములు లాక్కున్నారు, గనుల్లో వెట్టిచాకిరీ చేయించారు, చేలు పండక ఆకలి వచ్చింది. ఆకలితో ఉన్న శరీరానికి జబ్బు చావే. 1545లో మెక్సికోలో వచ్చిన ఘోరమైన జబ్బు నాటి శవాల పళ్ళలో టైఫాయిడ్‌కు చుట్టమైన పారాటైఫాయిడ్ క్రిమి డీఎన్‌ఏ దొరికింది.

మన పెద్దవాళ్ళు అమ్మవారు పోసిందని చెప్పుకున్న మశూచి ఇప్పుడు లేదు. మన దేశంలో చివరి కేసు 1975లో, ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించింది 1980లో.

అంటే అంతకు ముందు అమెరికాలో జబ్బులే లేవా?

ఉన్నాయి. పెరూలో వెయ్యేళ్ళ నాటి అస్థిపంజరాల్లో క్షయ క్రిమి దొరికింది. 2014లో దాని డీఎన్‌ఏ చదివితే అది సీల్ అనే సముద్ర జంతువులకు వచ్చే రకానికి దగ్గరగా తేలింది. ఆఫ్రికా నుంచి సీల్స్ ఈదుకుంటూ మోసుకొస్తే, వాటిని వేటాడి తిన్న తీరప్రాంత జనానికి అంటుకుంది. కుష్టు తెచ్చే రెండు క్రిముల్లో ఒకటి కూడా యూరప్ వాళ్ళకు ముందే అక్కడ ఉందని 2025లో తేలింది. 1495లో ఇటలీలోని నేపుల్స్ దగ్గర సైన్యంలో విజృంభించిన సిఫిలిస్ మూలాలు అమెరికాలోనే ఉన్నాయని ఇటీవలి డీఎన్‌ఏ పరిశోధనలు బలంగా చెబుతున్నాయి. మన దేశంలో పాత కుష్టు ఆనవాలు కూడా ఉంది: రాజస్థాన్‌లోని బాలాథల్‌లో క్రీ.పూ. 2000 నాటి అస్థిపంజరం.

ప్లేగు ఎక్కడ మొదలైంది?

ఐదు వేల ఏళ్ళ నాటి యూరప్ ఎముకల్లోనే ప్లేగు క్రిమి ఉంది. ఆ తొలి రకాలకు ఎలుకల ఒంటి మీద బతికే ఫ్లీ అనే చిన్న పురుగు ద్వారా పాకే శక్తినిచ్చే జన్యువు లేదు, అది తర్వాత వచ్చింది. 541లో మధ్యధరా తీరాన్ని జస్టినియన్ ప్లేగు కుదిపేసింది. 1346 తర్వాత యూరప్‌ను ఊడ్చేసిన ప్లేగుకు ముందు మెట్టు కిర్గిజ్‌స్తాన్‌లోని ఇస్సిక్‌కుల్ సరస్సు దగ్గర కనబడింది. అక్కడి 1338, 1339 నాటి సమాధి రాళ్ళ మీద మరణ కారణం రాసి ఉంది. ఆ సమాధుల్లోని పళ్ళలో క్రిమి డీఎన్‌ఏ ఉందని 2022లో చూపించారు. మనకు తగిలింది మూడో విడత. 1894లో హాంకాంగ్, 1896లో బొంబాయి. మన దేశంలో కోటికి పైగా జనం పోయారు. దారి మాత్రం ప్రతిసారీ ఒకటే: ధాన్యం, ఎలుక, సరుకు రవాణా.

మలేరియా మనదా, బయటిదా?

ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం ఆఫ్రికాలో గొరిల్లాల నుంచి మనిషికి వచ్చింది. నేపాల్ హిమాలయాల్లో చోఖోపానీ అనే ఎత్తైన చోట, క్రీ.పూ. 800 నాటి మనిషి పళ్ళలో దాని డీఎన్‌ఏ దొరికింది. ఆ ఎత్తులో దోమ ఈ జబ్బును మోయలేదు. అతను వ్యాపారం మీద కిందికి దిగి, జబ్బుతో తిరిగెక్కాడని ఊహ. దోమకు, మలేరియాకు లంకె తేలింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ చేతిలో. మందు మాత్రం ఆండీస్ కొండల సింకోనా బెరడు నుంచి వచ్చింది.

ఇదంతా పాత చరిత్రే కదా, ఇప్పటి రైతుకు దీనితో పనేమిటి?

2021-22లో మిర్చి పూతను తినేసిన నల్ల తామర పురుగును మరిచిపోయారా? అది ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనబడింది, కొన్నేళ్ళలో గుంటూరు, పల్నాడు చేలల్లో పడింది. పూలు రాలిపోయి, పెట్టుబడి మొత్తం పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. మొక్కజొన్న మీది కత్తెర పురుగు అమెరికాది: 2016లో ఆఫ్రికా, 2018లో కర్ణాటక, వెంటనే మనం. పాత రోజుల్లో గింజ వెయ్యేళ్ళు ప్రయాణిస్తే పురుగు ఎప్పటికో వచ్చేది. మిరప పుట్టింటి నుంచి వచ్చినప్పుడు దాని పురుగులు, తెగుళ్ళు చాలా అక్కడే ఉండిపోయాయి. కొత్త చోట పంట బాగా పండటానికి అదొక కారణం. ఇప్పుడు విమానాల్లో, కంటైనర్లలో అవి వెనుకే వస్తున్నాయి. చేలో కొత్త పురుగు కనబడితే ఫొటో తీసి లాం ఫారం శాస్త్రవేత్తలకు గానీ, మీ రైతు సేవా కేంద్రంలో (పాత పేరు రైతు భరోసా కేంద్రం) గానీ వెంటనే చూపించండి. మందు కొట్టడం ఆ తర్వాత.

పిల్లలకు ఇవన్నీ చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్ళాలి?

విజయవాడలో బాపు మ్యూజియం, అమరావతిలో పురావస్తు మ్యూజియం. శిల్పాల్లో ఏ పళ్ళు, ఏ చెట్లు ఉన్నాయో వెతకమనండి. ఆ తర్వాత మిర్చి యార్డు చూపించండి, సీజన్‌లో అయితే ముక్కుకు గుడ్డ కట్టుకుని.

అమెరికాలో ఉన్న అమ్మాయికి కరివేపాకు మొక్క, గోంగూర గింజలు పట్టుకెళ్ళొచ్చా?

కరివేపాకు మొక్క, పచ్చి రెబ్బలు వద్దు. కరివేప మీద బతికే సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు, నిమ్మ, బత్తాయి జాతుల్ని చంపే గ్రీనింగ్ తెగులును మోస్తుంది. ఆ పురుగు 1998లో ఫ్లోరిడాలో కనబడింది, తెగులు 2005లో బయటపడింది, అక్కడి నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. ఆ దేశం పచ్చి కరివేపాకును ఆపేది అందుకే. గింజలకు కూడా మొక్కల ఆరోగ్య ధృవపత్రం అడుగుతారు. బ్యాగులో ఏముందో కస్టమ్స్ ఫారంలో దాచకుండా రాయండి. రాసి చూపిస్తే, కుదరనిది తీసేసుకుని పంపిస్తారు. దాచి దొరికితే జరిమానా. అటు నుంచి మన దేశానికి విత్తనాలు తెచ్చేటప్పుడు కూడా అనుమతి పత్రం, ఆరోగ్య ధృవపత్రం రెండూ కావాలి. అమ్మాయికి అక్కడి నర్సరీల్లో తనిఖీ చేసిన కరివేప మొక్కలు అమ్ముతారేమో అడగమనండి. గోంగూర గింజలు అక్కడి భారతీయ విత్తనాల దుకాణాల్లో దొరుకుతాయి, ఎండ బాగా తగిలే వేసవిలో నాటుకోమని చెప్పండి.